కొత్త పార్టు కొనకండి

కారులో హీటరు పనిచేయడం లేదని తెలిసిన సాయంత్రమే చాలామంది ఫోన్ తీసి కొత్త పార్టుకు ఆర్డరు పెట్టేస్తారు. రెండు రోజుల్లో అది గుమ్మంలో ఉంటుంది. ఆదివారం బిగిస్తారు, సోమవారం వెచ్చగా ఆఫీసుకు వెళతారు. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. కొత్తది కొనకండి. పగిలినదాన్ని విప్పి భోజనాల బల్ల మీద పెట్టుకోండి. వారాలు పట్టినా సరే, దాన్నే బాగుచేసి మళ్లీ అదే చోట బిగించండి. డబ్బు లెక్కన ఇది నష్టం. కాలం లెక్కన ఇంకా పెద్ద నష్టం. రెండూ తెలిసే చెబుతున్నాను.

నేనుండేది మినియాపొలిస్ దగ్గర. జనవరిలో మైనస్ 20 సెల్సియస్ దాటి దిగే రాత్రులు ఇక్కడ వింతేమీ కాదు. డాలస్‌లో ఉండే తెలుగువాళ్లకు కారు హీటరు ఒక సుఖం. మాకూ, డెట్రాయిట్, షికాగో, టొరంటో, ఎడ్మంటన్‌లలో ఉన్నవాళ్లకూ అది బ్రేకుల పక్కన నిలబెట్టాల్సిన వస్తువు. ముందు అద్దం మీద మంచు కరగకపోతే దారే కనపడదు. అంత ముఖ్యమైన వస్తువును తొందరగా బాగుచేయించుకోవాలి కదా అంటారు. అంత ముఖ్యమైనది కాబట్టే తొందరపడకూడదని నేనంటాను.

ముందు రోగం ఏమిటో తేల్చుకోవాలి. పెట్రోలు కారు హీటరులో మంట ఉండదు. ఇంజను వేడినే మనం వాడుకుంటాం. నీళ్లూ ఇథిలీన్ గ్లైకాలూ సగం సగం కలిపిన కూలెంట్ ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కుతుంది. ఆ పాళ్లలో కలిపితే అది దాదాపు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. అందులో కొంత భాగం రెండు రబ్బరు గొట్టాల గుండా డాష్‌బోర్డు వెనక ఉన్న హీటర్ కోర్‌లోకి వెళ్లి తిరిగి వస్తుంది. రెండు చేతుల్లో పట్టే చిన్న రేడియేటర్ అది. బ్లోయర్ ఫ్యాను దాని మీదుగా గాలిని తోస్తే మన కాళ్ల దగ్గరికి వెచ్చదనం వస్తుంది. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు ఈ భాగ్యం కూడా లేదు. దాని ఇంజనును చల్లబరిచేది గాలే కాబట్టి, పొగగొట్టాల చుట్టూ గాలిని తిప్పి ఆ వేడిని లోపలికి పంపేవారు. ఆ కాలంలో బీటిల్ నడిపినవాళ్లను అడిగి చూడండి, చలికాలం గురించి గంటసేపు చెబుతారు.

ఇంజను బాగా వేడెక్కాక ఆ రెండు రబ్బరు గొట్టాలనూ పైనుంచి జాగ్రత్తగా తాకి చూడండి. రెండూ వేడిగా ఉంటే కోర్ గుండా కూలెంట్ పారుతున్నట్టే. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే కోర్ మూసుకుపోయిందో, లోపల గాలి చిక్కుకుందో చూడాలి. రెండూ గోరువెచ్చగానే ఉండి, హైవే మీద కూడా డాష్‌బోర్డులో ఉష్ణోగ్రత ముల్లు పైకి లేవకపోతే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందని అనుమానించండి. మామూలుగా అది 82 నుంచి 95 డిగ్రీల మధ్య తెరుచుకోవాలి. ఫ్యాను అన్నిటికన్నా పై వేగంలో మాత్రమే తిరుగుతుంటే బ్లోయర్ రెసిస్టర్ పోయింది. పై వేగానికి కరెంటు రెసిస్టర్‌ను తాకకుండా నేరుగా వెళుతుంది, అందుకే అదొక్కటే మిగులుతుంది.

ఇవేవీ కాకుండా, గొట్టాలు కాలుతున్నా, ఫ్యాను బాగానే తిరుగుతున్నా, వచ్చే గాలి మాత్రం చల్లగా ఉందనుకోండి. కారు స్టార్టు చేయగానే డాష్‌బోర్డు వెనక నుంచి టకటకమని చప్పుడు కూడా వస్తోందనుకోండి. నేను చెబుతున్నది ఆ రోగం గురించే. హీటర్ కోర్ ముందు బ్లెండ్ డోర్ అని ఒక రెక్క ఉంటుంది. గాలిలో ఎంత భాగం కోర్ మీదుగా పోవాలో, ఎంత భాగం దాన్ని తప్పించుకుని పోవాలో అది నిర్ణయిస్తుంది. ఆ రెక్కను తిప్పేది ఆక్చుయేటర్. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా, లోపల ఒక బుల్లి డీసీ మోటారు, వరుసగా మూడు నాలుగు ప్లాస్టిక్ పళ్లచక్రాలు. చాలా వాటిలో చివరి చక్రం కింద రెక్క ఎక్కడుందో కంప్యూటరుకు చెప్పే పొటెన్షియోమీటర్ కూడా ఉంటుంది. ఆ చక్రాల్లో ఒకదాని పన్ను విరిగింది. మోటారు తోస్తూనే ఉంది, చక్రం జారుతూనే ఉంది. ఆ టకటక అదే.

ఈ పార్టు చలిదేశాలకే సొంతం కాదు. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్న కారు హైదరాబాదులో ఉన్నా ఇదే రెక్క, ఇదే ఆక్చుయేటర్. పన్ను విరిగి రెక్క వేడి వైపు ఆగిపోతే మే నెలలో ఏసీ వేసినా సెగ కొడుతుంది. గ్యాస్ తగ్గిందని చెప్పి గ్యాస్ నింపించుకుంటారు, సెగ అలాగే ఉంటుంది. కాబట్టి ఇది చదువుతున్నది కరీంనగర్‌లో అయినా కాకినాడలో అయినా మీకూ పనికొస్తుంది. చేత్తో తిప్పే మీట ఉన్న పాత రకం కార్లలో మాత్రం ఆ మీట నుంచి రెక్క దాకా సన్నని తీగ ఉంటుంది, మోటారు ఉండదు.

కొత్త ఆక్చుయేటర్ చాలా కార్లకు వంద డాలర్ల లోపే దొరుకుతుంది. కొన్నిటికి పాతిక, ముప్ఫై డాలర్లే. మెకానిక్ తీసుకునే కూలీ దానికి ఎన్నో రెట్లు ఉంటుంది, ఎందుకంటే పార్టు చిన్నదైనా అది దాగిన చోటు అలాంటిది. ఇంత చవకగా దొరికే దాని కోసం వారాలు ఎవరు కూర్చుంటారు అని నా స్నేహితులంతా అంటారు. వారి మాట వినకండి. కొండను తవ్వి ఎలుకను పట్టడమే ఇది అంటారు కూడా. అవును, తవ్వమనే చెబుతున్నాను. ఎందుకంటే పన్ను దానంతట అది విరగదు.

మా నాన్నగారు తెనాలిలో మోటార్ వైండింగ్ షాపు నడిపారు. కాలిపోయిన పంపుసెట్టు మోటారును రైతు సైకిలు మీద కట్టుకొచ్చి దించగానే, ఆయన కాయిలు వైపు చూసేవారు కాదు. ముందు రైతును కూర్చోబెట్టి అడిగేవారు. వోల్టేజీ తక్కువగా వస్తోందా? మూడు ఫేజుల్లో ఒకటి పోయినా నడిపారా? బావిలో నీళ్లు అడుగంటినా మోటారు తిరుగుతూనే ఉందా? ఆ జవాబు దొరికే దాకా రాగితీగ కట్ట విప్పేవారు కాదు. కాలిన కారణం పొలంలో ఉండగా ఇక్కడ తీగ చుట్టి ఏం లాభం, మళ్లీ కాలుతుంది అనేవారు. కొత్త పార్టు కొని బిగించేవాళ్లు ఆ ప్రశ్న అడగరు. అడగాల్సిన అవసరమే రాదు. అదే అసలు నష్టం.

ఆక్చుయేటర్ పన్ను విరగడానికి కారణం చాలాసార్లు ఆక్చుయేటర్‌లో ఉండదు. రెక్క బిగుసుకుపోయి ఉంటుంది. అద్దం కింద గాలి వచ్చే సందుల్లోంచి పెన్ను జారి పడి ఉంటుంది, పిల్లల బొమ్మ ముక్కో పార్కింగు రసీదో రెక్క దారిలో ఇరుక్కుని ఉంటుంది. రెక్క అంచున అతికించిన స్పాంజి ఊడి ముద్దయి ఉంటుంది. ఇరుసు దగ్గర ప్లాస్టిక్ అరిగి రెక్క వంకరగా తిరుగుతుంటుంది. ఇవేవీ చూడకుండా కొత్తది బిగిస్తే, అది కూడా అదే బరువును తోసి తోసి అలాగే పన్ను విరగ్గొట్టుకుంటుంది. అప్పుడు ఈ కంపెనీ పార్టులన్నీ నాసిరకం అని తిట్టుకుని మూడోది కొంటారు. పగిలినదాన్ని బాగుచేయడానికి కూర్చున్నవాడికి ఆ దారి లేదు. తన చేత్తో కట్టిన పన్ను మళ్లీ విరగకూడదన్న పట్టుదల ఉంటుంది కాబట్టి, ఆక్చుయేటర్ ఊడదీసిన చోట రెక్క ఇరుసును రెండు వేళ్లతో పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూస్తాడు. ఎక్కడ బిగుసుకుంటోంది, ఎక్కడ గరగరమంటోంది అని వేళ్లకు తెలుస్తుంది.

అందుకే ఈ పని చలికాలంలోనే పెట్టుకోమంటాను. ఎండాకాలం దాకా ఆగమని అందరూ చెబుతారు. ఎండాకాలంలో హీటరు నిజంగా బాగైందో లేదో ఎలా తెలుస్తుంది? చలికి ప్లాస్టిక్ కొంచెం కుంచించుకుంటుంది, రెక్క బిగువు కూడా మారుతుంది. బయట గడ్డకట్టే చలి ఉన్నప్పుడు రెక్క ఎలా తిరుగుతుందో అప్పుడే చూడాలి. ఒక్క జాగ్రత్త ఉంది. చలికి డాష్‌బోర్డు కింది క్లిప్పులు పెళుసెక్కి పుటుక్కున విరుగుతాయి. విప్పబోయే ముందు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో ఆ భాగాన్ని వెచ్చబెట్టండి, ఆ తరువాతే లాగండి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి, కనీసం పావుగంట ఆగండి. డాష్‌బోర్డులో, కొన్ని కార్లలో డ్రైవరు మోకాళ్ల దగ్గర కూడా, ఎయిర్‌బ్యాగులుంటాయి. వాటి సర్క్యూటులో కరెంటు కొంతసేపు నిలవుంటుంది. పసుపురంగు తీగలు, పసుపురంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి. వాటిని ముట్టుకోకండి, పక్కకు కూడా జరపకండి. గ్యారేజీ తలుపు మూసి ఇంజను నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. దాని వల్ల ప్రతి చలికాలం ప్రాణాలు పోతున్నాయి. ఈ మూడింటిలో నా పట్టుదలలేవీ లేవు, అందరూ చెప్పేదే నేనూ చెబుతున్నాను.

ఆక్చుయేటర్‌ను పట్టి ఉంచేది రెండో మూడో చిన్న స్క్రూలు. వాటి తలలు కారును బట్టి 5.5, 7 లేదా 8 మిల్లీమీటర్ల షట్కోణాలు. స్క్రూలు తీయడం కన్నా వాటిని చూడడమే కష్టం. వెల్లకిలా పడుకుని, తలను పెడళ్ల మధ్య పెట్టి, నోట్లో టార్చి పట్టుకుని చేతితో వెతకాలి. పావు అంగుళం రాట్చెట్, పొట్టి సాకెట్ ఉంటే సగం పని అయినట్టే.

ఊడదీశాక ఏం చేయాలో ఇప్పుడు చెబుతాను. ఇది చాలామందికి పిచ్చిమాటలా వినిపిస్తుంది. ఆక్చుయేటర్ లేకుండానే కారు నడపండి. రెక్క ఇరుసును చేత్తో పూర్తిగా వేడి వైపుకు తిప్పి, ఒక ప్లాస్టిక్ టైతో కదలకుండా కట్టేయండి. ఊడదీసిన కనెక్టరుకు టేపు చుట్టి పైకి కట్టండి, పెడళ్ల దగ్గర ఏదీ వేలాడకూడదు. ఇక మీ కారులో వేడి ఎప్పుడూ పూర్తిగా ఉంటుంది. ఎక్కువైతే ఫ్యాను తగ్గించుకుంటారు, లేదా కిటికీ వేలెడు దించుతారు. మిన్నెసోటా చలికాలంలో ఇంతకన్నా ఏం కావాలి? ఈ ఏర్పాటు చేసుకున్నాక తొందర అనేదే పోతుంది. బల్ల మీది ఆక్చుయేటర్ ఎన్నాళ్లయినా ఉండొచ్చు. కారు ఎక్కే ముందు మాత్రం గాలిని అద్దం వైపు తిప్పి, మంచు కరుగుతోందో లేదో చూసుకోండి. గాలిని అద్దం వైపు మళ్లించేది వేరే రెక్క, దానికి వేరే ఆక్చుయేటర్ ఉంటుంది. అద్దం తేటపడని కారును వీధిలోకి తీసుకెళ్లకండి, అంతే.

ఇక బల్ల సంగతి. గ్యారేజీలో, బేస్‌మెంటులో కూర్చోకండి. భోజనాల బల్ల మీదే పాత పత్రిక పరచి పెట్టండి. ఇంట్లో అందరూ నడిచే చోట, వెలుతురు బాగా ఉన్న చోట పెట్టండి. ఇంట్లోవాళ్లు అభ్యంతరం చెబితే నచ్చజెప్పండి. గ్యారేజీలో పెట్టిన పని మనకొక్కరికే తెలుస్తుంది. బల్ల మీద పెట్టిన పనికి మీ అమ్మాయి వచ్చి ఇదేమిటి నాన్నా అని అడుగుతుంది. స్క్రూడ్రైవరు ఆమె చేతికివ్వండి. డబ్బా మూతను పట్టి ఉంచే కొక్కేలను ఒక్కొక్కటిగా ఎలా ఎత్తాలో చూపించి పక్కన కూర్చోండి. ఒకటి విరిగితే విరగనివ్వండి, మూతను టేపుతో బిగించుకోవచ్చు.

మీ కారు మరమ్మతు వీడియో ముందే చూడకండి. దొరకదని కాదు, ప్రతి కారుకూ పదులకొద్దీ దొరుకుతాయి. చూశాక మీ కళ్లు ఆ మనిషి చూపించినదాన్నే వెతుకుతాయి. అతని కారులో విరిగింది రెండో చక్రమైతే మీరు కూడా రెండో చక్రాన్నే చూస్తారు. ముందు మూత తెరిచి, ఏ చక్రం దేన్ని తిప్పుతోందో మీరే కాగితం మీద బొమ్మ గీయండి. ఫోన్‌తో ఫొటో తీస్తే చాలదు. తీసిన ఫొటోను మళ్లీ ఎవరూ చూడరు, గీయాలంటే మాత్రం ప్రతి పన్నునూ చూడక తప్పదు. చక్రాలను కదిలించే ముందు, పక్కపక్కన ఉన్న పళ్ల మీద గోళ్లరంగుతో చుక్కలు పెట్టండి. చివరి చక్రం మీద, డబ్బా మీద ఎదురెదురుగా ఒక్కో చుక్క పెట్టండి. ఆ చక్రం సరిగ్గా అక్కడే తిరిగి కూర్చోకపోతే పొటెన్షియోమీటర్ తప్పుడు లెక్క చెబుతుంది. బొమ్మ గీయడం అయ్యాక వీడియోలు ఎన్నయినా చూసుకోండి.

మోటారు ఇరుసు మీద మరచుట్టు లాంటి చిన్న వర్మ్ గేరు కనిపిస్తుంది. మోటారు చాలా వేగంగా తిరుగుతుంది, చక్రం తరువాత చక్రంగా ఆ వేగం తగ్గుతూ బలం పెరుగుతుంది. చివరి చక్రం దగ్గరికి వచ్చేసరికి వేగం నత్తనడక, బలం మాత్రం ప్లాస్టిక్ పన్నును విరగ్గొట్టేంత. అందుకే విరిగిన పన్ను ఎక్కువగా చివరి రెండు చక్రాల్లోనే దొరుకుతుంది. భూతద్దం పెట్టి చక్రం పక్క భాగాన్ని చూడండి. కొన్నిటి మీద ఏ ప్లాస్టిక్కో అచ్చుపోసి ఉంటుంది. పీఏ 66 అని ఉంటే నైలాన్. పీఓఎమ్ అని ఉంటే అసిటాల్. రెండూ జిగురుకు సరిగా లొంగని పదార్థాలు. ఈ విషయం తెలియకుండా విరిగిన పన్నును జిగురుతో అతికించి బిగిస్తే అది వారం కూడా నిలవదు.

అతికించే ముందు ఒక మేలైన ఉపాయం చూడండి. చివరి చక్రం సాధారణంగా పూర్తి చుట్టు తిరగదు. రెక్క ఒక చివర నుంచి ఇంకో చివరకు పోవడానికి దానికి అర చుట్టు కూడా అవసరం ఉండదు. అంటే దాని పళ్లలో చాలా వాటికి పుట్టినప్పటి నుంచీ పని లేదు. కొన్ని మోడళ్లలో చక్రాన్ని ఇరుసు నుంచి విడదీసి అటు నుంచి ఇటు తిప్పి కూర్చోబెట్టవచ్చు. అప్పుడు విరిగిన పన్ను ఖాళీ వైపు పోతుంది, ఎప్పుడూ తాకని కొత్త పళ్లు పనిలోకి వస్తాయి. మీది అలాంటి మోడలైతే, పొటెన్షియోమీటర్ అమరిక చెడకుండా ఈ పని చేయగలిగితే, ఇక వేరే మరమ్మతు అక్కర్లేదు.

అది కుదరకపోతే పన్ను కట్టాలి. దీనికి మన వంటింటి డబ్బాలోని సోడా ఉప్పు పనికొస్తుంది. సూపర్‌గ్లూ, అంటే మన ఫెవిక్విక్ లాంటిది, ఒక బొట్టు వేసి దాని మీద వంటసోడా చల్లితే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఘాటైన ఆవిరి వస్తుంది. కిటికీ తెరిచి, మొహం దూరంగా పెట్టి చేయండి. కానీ నైలాన్, అసిటాల్ మీద ఇది కూడా పొరలా ఊడిపోతుంది, అందుకని ముందు ఎముక కావాలి. పన్ను విరిగిన చోట సన్నని డ్రిల్లుతో, లేదా కాల్చిన సూదితో రెండు బొక్కలు పెట్టండి. జెమ్ క్లిప్పులోంచి కత్తిరించిన రెండు తీగముక్కలను అందులో దిగగొట్టండి. ఆ తీగల చుట్టూ జిగురు, సోడా పొరలు పొరలుగా కట్టి, అనుకున్నదానికన్నా పెద్ద పన్ను తయారయ్యాక సన్నని ఆకురాయితో అరగదీయండి. పక్క పళ్ల ఆకారాన్ని చూస్తూ ఒక్కో రాపిడికీ చక్రాన్ని జతచక్రంతో కలిపి తిప్పి చూడండి. ఈ దశలోనే సాయంత్రాలు గడిచిపోతాయి. గడవనివ్వండి. తొందరపడి ఒక రాపిడి ఎక్కువ వేస్తే మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి.

పన్ను కాకుండా చక్రం మధ్యభాగం చీలిందనుకోండి. ఇరుసు చుట్టూ ఉండే ఆ మెడ చీలితే చక్రం ఇరుసు మీదే జారుతుంది, చప్పుడు అలాంటిదే వస్తుంది. దీనికి వైండింగ్ వాళ్ల విద్య. పాత ట్రాన్స్‌ఫార్మర్ లోంచి తీసిన సన్నని రాగితీగను ఆ మెడ చుట్టూ బిగుతుగా, చుట్టు పక్కన చుట్టు ఆనేలా ఆరేడు చుట్లు చుట్టి, పైన ఎపాక్సీ పూయండి. జిగురు అంటుకోకపోయినా తీగ బిగువే మెడను పట్టుకుని ఉంటుంది. నాకు ఈ మరమ్మతు అన్నిటికన్నా ఇష్టం.

చక్రం ఇక దేనికీ పనికిరానంతగా నలిగితే కొత్త చక్రాన్నే చేసుకోండి, కొత్త ఆక్చుయేటర్ మాత్రం కొనకండి. పళ్లు లెక్కపెట్టండి, వెర్నియర్ కాలిపర్‌తో బయటి వ్యాసం కొలవండి. మామూలు స్పర్ గేరుకు లెక్క సులువు: బయటి వ్యాసాన్ని పళ్ల సంఖ్యకు రెండు కలిపిన దానితో భాగించండి. 40 పళ్లు ఉండి బయటి వ్యాసం 21 మిల్లీమీటర్లయితే, 21ని 42తో భాగిస్తే 0.5 వస్తుంది. దాన్ని మాడ్యూల్ అంటారు. ఆ ఒక్క సంఖ్యా, పళ్ల సంఖ్యా, చక్రం మందం, ఇరుసు బొక్క కొలతా తెలిస్తే ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో చక్రం గీయవచ్చు. అమెరికాలో చాలా ప్రభుత్వ గ్రంథాలయాల్లో త్రీడీ ప్రింటర్లు ఉన్నాయి. మా ప్రాంతంలో హెన్నెపిన్ కౌంటీ వారు ఫిక్సిట్ క్లినిక్‌లు పెడతారు, పాడైన వస్తువు పట్టుకెళితే తెలిసినవాళ్లు పక్కన కూర్చుని బాగుచేయడం నేర్పుతారు. కారును తీసుకెళ్లలేం గానీ, జేబులో పట్టే ఆక్చుయేటర్‌ను తీసుకెళ్లి సలహా అడగవచ్చు. తుక్కు యార్డుకు కూడా వెళ్లండి. గుద్దుకుని వచ్చిన కార్లలో అదే రకం ఆక్చుయేటర్ కొద్ది డాలర్లకు మీ చేత్తో మీరే ఊడదీసుకోవచ్చు, అందులో మంచి చక్రం ఉంటుంది. ఊడదీయడం సాధన అయినట్టు కూడా ఉంటుంది.

గ్రీజు దగ్గర పొదుపు చేయకండి. ప్లాస్టిక్ చక్రాలకు సిలికోన్ గ్రీజు వాడండి. బేరింగులకు వేసే పెట్రోలియం గ్రీజు కొన్ని ప్లాస్టిక్‌లను పాడుచేస్తుంది.

ఇంత పట్టుదలగా చెబుతున్న నేనే మూడు చోట్ల కొత్తది కొనమంటాను. బ్లోయర్ రెసిస్టర్‌లో వేడి హద్దు మీరితే తెగిపోయే ఫ్యూజు ఉంటుంది. అది తెగితే అక్కడ తీగ ముక్క సోల్డరు చేసి కలపమనేవాళ్లుంటారు. ఫ్యూజు ఎందుకు ఉందో ఆలోచించండి. తీగతో కలిపితే మంట డాష్‌బోర్డు లోపల పుడుతుంది. రెసిస్టర్ కొత్తదే కొనండి, కనెక్టరు కాలిపోయి ఉంటే అది కూడా మార్చండి. రెండోది హీటర్ కోర్. లోపల తియ్యటి వాసన వచ్చినా, అద్దాల లోపలి వైపు జిడ్డుపొర పట్టినా, ముందు సీటు కింది కార్పెట్ తడిసినా కోర్ కారుతున్నట్టే. దాన్ని జిగురుతో, మరమ్మతు పొడులతో ఆపడానికి చూడకండి. ఆ పొడులు రంధ్రంతో పాటు మంచి సందుల్ని కూడా పూడ్చేస్తాయి. కారిన కూలెంట్‌ను కుక్కలు, పిల్లులు నాకుతాయి. కొద్ది మోతాదే వాటి మూత్రపిండాలను చంపేస్తుంది. నేల మీద ఒక్క చుక్క మిగలకుండా తుడవండి. మూడోది కూలెంట్ గొట్టాలను కలిపే ప్లాస్టిక్ కనెక్టర్లు. వాటి లోపల వేడి కూలెంట్ ఒత్తిడి మీద ఉంటుంది. విరిగినదాన్ని ఎపాక్సీతో అతికిస్తే హైవే మీద విడిపోతుంది, ఇంజను పోతుంది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకూడదని చెప్పనక్కర్లేదు గానీ చెబుతున్నాను.

ఆక్చుయేటర్‌తో వీటికి పోలిక లేదు. అందులో నీళ్లు లేవు, ఒత్తిడి లేదు, కరెంటు కొద్దిపాటిదే. మీ మరమ్మతు విఫలమైతే జరిగేదల్లా మళ్లీ టకటకలే. నేర్చుకోవడానికి ఇంత క్షేమమైన పార్టు కారులో ఇంకోటి దొరకడం కష్టం. అందుకే దీన్ని పారేయడం నాకు బాధ.

తిరిగి బిగించాక బ్యాటరీ తగిలించి, తాళం చెవి ఆన్‌లో పెట్టి, హీటరు మీటలేవీ ముట్టుకోకుండా కాసేపు ఆగండి. చాలా కార్లు అప్పుడు తమంతట తాము రెక్కను రెండు చివరలకూ తిప్పి హద్దులు నేర్చుకుంటాయి. కొన్నిటికి మాన్యువల్‌లో చెప్పిన ఫ్యూజు తీసి పెట్టాలి, కొన్నిటికి స్కానరు కావాలి. రెండు చివరలకూ పోయేటప్పుడు చప్పుడు వినండి. మోటారు ఒకే రాగంలో సాగితే సరే. ఎక్కడైనా రొప్పినట్టు వినిపిస్తే రెక్క ఇంకా బరువుగానే ఉంది, మళ్లీ విప్పండి.

బాగైందని తేలాక కూడా, చలికాలం అయిపోగానే ఏప్రిల్‌లో ఒకసారి ఆక్చుయేటర్‌ను మళ్లీ విప్పండి. పనిచేస్తున్న వస్తువును విప్పకూడదని పెద్దలు చెబుతారు. పనిచేస్తున్నప్పుడే విప్పాలి. మీరు కట్టిన పన్ను ఎంత అరిగింది, తీగ వదులైందా, గ్రీజు ఎండిందా అన్నది ఒక చలికాలం గడిచాకే తెలుస్తుంది. విరిగాక చూస్తే విరిగిందనే తెలుస్తుంది, ఎలా విరిగిందో తెలియదు.

వారంటీ పోతుందేమోనని చాలామంది మనవాళ్లు భయపడి స్క్రూడ్రైవరు ముట్టుకోరు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. మీరు సొంతంగా పని చేసుకున్నారన్న ఒక్క కారణంతో కారు వారంటీ మొత్తాన్ని కొట్టేయడానికి తయారీదారుకు వీల్లేదు. మీరు చేసిన పని వల్లే ఆ భాగం పాడైందని చూపిస్తే ఆ మరమ్మతు ఖర్చు మాత్రం మీదే అవుతుంది. మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో కారు మరమ్మతు హక్కు మీద ఓటింగు పెడితే జనం భారీ మెజారిటీతో గెలిపించారు. లీజు కారు అయితే ఒప్పందం చదువుకోండి, అది మీ సొంతం కాదు.

చివరగా ఒక మాట. బాగుచేసిన తరువాత ఒక కాగితం మీద ఇవన్నీ రాయండి: ఏ చక్రం, ఎన్ని పళ్లు, బయటి వ్యాసం ఎంత, ఏది విరిగింది, రెక్కలో ఏం దొరికింది, ఏ స్క్రూకు ఏ సాకెట్, ఏ తేదీన బిగించారు. మీరు గీసిన బొమ్మతో కలిపి దాన్ని గ్లవ్‌బాక్స్ లోపలి పైకప్పుకు టేపుతో అంటించండి. కారు అమ్మేటప్పుడు ఆ కాగితాన్ని పీకేయకండి. కొనేవాళ్లకు చూపించి మరీ ఇవ్వండి.